ఉబ్బెత్తు పెరూ మ్యాప్: మూడున్నరేళ్ల వాడకం తర్వాత

మా పాప కళ్లు మూసుకుని పెరూ దేశాన్ని అడ్డంగా దాటగలదు. మ్యాప్ ఎడమ అంచున చూపుడు వేలు ఆనించి మెల్లగా కుడివైపు జరుపుతుంది. "ఇది సముద్రం. ఇది కోస్తా, సన్నగా ఉంది, అప్పుడే అయిపోయింది. ఇప్పుడు ఎక్కుతున్నా... ఎక్కుతున్నా... అమ్మా, ఇంకా ఎక్కుతూనే ఉన్నా. ఆ, ఇప్పుడు జారుతున్నా. అడవి!" ఏడేళ్లప్పుడు మొదలైన ఆట ఇది. ఇప్పుడు తనకి పదిన్నర. ఈ రోజుకీ ఎవరైనా కొత్తవాళ్లు ఇంటికొస్తే వాళ్ల వేలు పట్టుకుని ఆ దారంతా తిప్పి తీసుకొస్తుంది.

పిల్లలకి పెరూని పరిచయం చేసే ఈ పెట్టెలో ఏమేం వస్తాయో అమ్మేవాళ్లే వివరంగా రాసి పెట్టారు, అవన్నీ మళ్లీ చెప్పను. నేను చెప్పేది ముఖ్యంగా అందులోని ఉబ్బెత్తు ప్లాస్టిక్ మ్యాప్ గురించి. కొన్న వారానికే దీని గురించి మెచ్చుకుంటూ నాలుగు లైన్లు రాశాను. ఆ మాటలు వెనక్కి తీసుకోవడం లేదు. కానీ అప్పటికి నాకు తెలియని సంగతి ఒకటి తర్వాత తెలిసింది.

ముందు నచ్చిందే చెప్తాను. మామూలు అట్లాసులో ఆండీస్ పర్వతాలంటే గోధుమ రంగు చార. పిల్లలు దాన్ని చూస్తారు, పరీక్షకి గుర్తుపెట్టుకుంటారు, మర్చిపోతారు. ఇక్కడ అది వేలికి అడ్డం పడుతుంది. వాస్కరాన్ శిఖరం 6,768 మీటర్లని నేను చెప్పక ముందే "ఇక్కడ గుచ్చుకుంటోంది" అని పాపే పట్టుకుంది. దక్షిణాన కొండల మధ్య నున్నగా, పళ్లెంలా ఒక చోటు తగిలింది. అదే టిటికాకా సరస్సు. "ఇంత పైన చెరువెలా ఉందమ్మా?" అని అడిగింది. సముద్రం కంటే 3,800 మీటర్ల ఎత్తున అంత పెద్ద సరస్సు ఉందని, దాని మీద తోటోరా అనే రెల్లు పరిచి, ఆ పరుపుల మీదే ఇళ్లు కట్టుకుని ఉరోస్ జనం బతుకుతారని ఆ రోజు మాట్లాడుకున్నాం. వేలికి తగిలింది కాబట్టే ఆ ప్రశ్న వచ్చింది. ఈ ఒక్క కారణానికే ఈ మ్యాప్ అంటే నాకు అంత ఇష్టం.

ఇక అసలు సంగతి.

పెరూ వాళ్లు తమ దేశాన్ని మూడు ముక్కలుగా చెప్పుకుంటారు: కోస్తా, సియెర్రా, సెల్వా. అంటే తీరం, కొండలు, అడవి. కోస్తా అన్న మాట వినగానే పాప ఎగిరి గంతేసింది. మేముండేది అనంతపురంలో. నా పుట్టిల్లు కోనసీమ. తనకి కోస్తా అంటే అమ్మమ్మ ఊరు, కాలవలు, కొబ్బరిచెట్లు, వరి. మ్యాప్ చూస్తే పెరూ తీరం పొడవునా చక్కటి ఆకుపచ్చ రంగు! ఇంకేముంది, రాజధాని లిమా నగరం చుట్టూ వరి చేలున్నాయని తనే తీర్మానించుకుంది. నేనూ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే నేనూ అలాగే అనుకున్నాను. ఏడాదికి పైగా ఇద్దరం అదే నమ్మకంతో ఉన్నాం.

రెండో ఏడు సంక్రాంతికి మా అన్నయ్య వచ్చాడు. ఓడల మీద ఇంజనీరుగా చాలా ఏళ్లు తిరిగాడు. పాప అలవాటు ప్రకారం మామయ్య వేలు పట్టుకుని పెరూ యాత్ర మొదలుపెట్టింది. "ఇదిగో, ఇక్కడంతా వరి" అనగానే వాడు ఆపాడు. "లేదురా తల్లీ. లిమా పక్కన కయావో రేవులో రెండుసార్లు దిగాను. కొండలన్నీ బూడిద పోసినట్టుంటాయి. పచ్చటి గడ్డిపరక కనపడితే ఒట్టు."

"కాదు మామయ్యా. ఇది చూడు, ఎంత పచ్చగా ఉందో."

"నేను కళ్లారా చూశానమ్మా."

పాప ముఖం ఎర్రబడింది. కాసేపు మ్యాప్ వంక, కాసేపు వాడి వంక చూసి నా దగ్గరికొచ్చి, "మరి మ్యాప్ అబద్ధం చెప్తుందా?" అని ఏడ్చేసింది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

రాత్రి పాప పడుకున్నాక టార్చి వేసుకుని మ్యాప్ అంతా వెతికాను. కింద ఎడమ మూలన, చీమ తలకాయంత అక్షరాలతో రంగుల సూచిక కనిపించింది. ఆకుపచ్చ అంటే తక్కువ ఎత్తు, పసుపు అంటే ఇంకాస్త ఎత్తు, గోధుమ రంగు అంటే కొండ, తెలుపు అంటే శిఖరం. అంటే రంగు చెప్పేది ఎత్తు ఒక్కటే, పచ్చదనం కాదు. ఇది చాలా మ్యాపుల్లో ఉండే పద్ధతే, పెద్దవాళ్లకి ఫర్వాలేదు. కానీ పిల్లల కోసం చేసిన వస్తువులో, ప్రపంచంలోనే బాగా పొడిబారిన ఎడారుల్లో ఒకటైన ఆ తీరానికీ, అమెజాన్ అడవికీ ఒకే ఆకుపచ్చ వేస్తే ఎలా? అనంతపురం జిల్లాలో వాన తక్కువని అందరికీ తెలుసు, అయినా ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. లిమాలో 20 కూడా కురవదు. తయారుచేసిన వాళ్లకి రాశాను. "మా మ్యాప్ ప్రామాణిక పద్ధతిలోనే ఉంది" అని ఒక లైను జవాబు వచ్చింది. అది నిజమే, నా బాధ మాత్రం వాళ్లకి అర్థం కాలేదు.

అయితే ఆ తప్పే మాకు ఈ మ్యాప్‌తో గడిపిన మంచి వారం తెచ్చిపెట్టింది. పక్కనే సముద్రం పెట్టుకుని ఎడారి ఎందుకైందో తెలుసుకుందామని కూర్చున్నాం. పెరూ తీరం వెంట హంబోల్ట్ ప్రవాహం అనే చల్లటి నీరు పారుతుంది, దాని మీది గాలీ చల్లబడుతుంది. ఫ్రిజ్ తలుపు తీసి పాపని ఎదురుగా నిలబెట్టాను. చల్లగాలి కాళ్ల మీదికి దిగింది. చల్లటి గాలి బరువు, పైకి లేవదు, పైకి లేవని గాలి వాన మేఘం కట్టదు. అందుకే అక్కడ వాన బదులు గరువా అనే సన్నటి మంచుతుంపర ఉంటుంది. లిమా శివారు కొండల మీద కొందరు నిలువుగా వలలు కట్టి, ఆ మంచుని పట్టి, నీళ్లు చేసుకుంటారు. మరి తూర్పు నుంచి, అమెజాన్ మీదుగా వచ్చే తడిగాలి? దానికి పాపే జవాబు చెప్పింది. వేలు ఈసారి కుడి నుంచి ఎడమకి జరిపింది. కొండకి తగిలి ఆగింది. "వానంతా ఇటే పడిపోతుంది, అటు వెళ్లదు." నేను పడమటి కనుమల సంగతి చెప్పాను, మనకి గాలి అటునుంచి వస్తుందని. కాసేపు ఆలోచించి, "అయితే మనదీ కొండ వెనకాల ఊరేనా అమ్మా?" అంది. అనంతపురంలో పుట్టి పెరిగిన పిల్ల తన ఊరి గురించి పెరూ మ్యాప్ మీద తెలుసుకుంది.

ఆ మర్నాడు మ్యాప్ రిపేరు. పక్కన కడుతున్న ఇంటి దగ్గర గుప్పెడు ఇసుక అడిగి తెచ్చుకుంది. టీ వడగట్టే జాలీలో జల్లించాం. ఫెవికాల్‌లో కాసిని నీళ్లు కలిపి, పాత పెయింటింగ్ బ్రష్‌తో తీరం పొడవునా పూసి, పైన ఇసుక చల్లింది. ఆండీస్ నుంచి పసిఫిక్‌లోకి దిగే నదులు యాభైకి పైగా ఉన్నాయి. వాటి ఒడ్డునే చెరకు, పత్తి, ద్రాక్ష పండుతాయి. ఆ నదుల దగ్గర మాత్రం అగ్గిపుల్లతో ఇసుక గీకేసి సన్నటి పచ్చ గీతలు వదిలింది. ఇప్పుడు వేలు పెడితే ఎడారి గరుకుగా తగులుతుంది. అసలు మ్యాప్ కంటే ఇదే బాగుంది.

మిగతావి చెప్పేస్తాను. కొండల ఎత్తు బాగా పెంచి చేశారు. ఈ సైజు మ్యాప్‌లో నిజమైన కొలత వేస్తే వాస్కరాన్ రెండున్నర మిల్లీమీటర్లు కూడా ఉండదు, ఇందులో దాదాపు రెండు సెంటీమీటర్లుంది. వేలికి తెలియాలంటే తప్పదు, కానీ ఆ మాట పిల్లలకి మనమే చెప్పాలి. ప్లాస్టిక్ మా ఎండలకి తట్టుకోలేదు. కిటికీ పక్క గోడకి తగిలిస్తే ఏప్రిల్‌లో ఉత్తరపు మూల వంగిపోయింది. ఇప్పుడు మంచం కింద పడుకోబెట్టి దాచుతున్నాం. చిన్నోడు మోకాలు పెట్టి రెండు శిఖరాలు నొక్కేశాడు. వెనకనుంచి బొటనవేలితో నెడితే లేచాయి గాని, తెల్లటి మడత మిగిలిపోయింది.

బొమ్మల కార్డులు అంతంత మాత్రం. ప్రతి మనిషీ రంగుల ఉన్ని శాలువా కప్పుకుని, పక్కన లామాతో నిలబడి ఉంటాడు. పెరూ జనంలో దాదాపు మూడో వంతు లిమాలోనే ఉంటారు, బస్సులెక్కి ఆఫీసులకి వెళ్తారు, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. ఒక్క కార్డులోనూ వాళ్లు లేరు. ఆండీస్ కొండల జనం మాట్లాడే కెచువా భాష గురించి రెండు ముక్కలుంటే బాగుండేది. అక్కడి ఉర్లగడ్డ పేరు "పాపా" ఆ భాషదే అని నేను చెప్తే, మా పాప రెండు రోజులు ఆ పేరుకే పలికింది.

కానీ ఒక కార్డు ఉంది, దాని కోసం మిగతావన్నీ క్షమించేశాను. 1987లో ఉత్తర తీరంలోని సిపాన్ దగ్గర తవ్వకాల్లో ఇంకాల కంటే ముందు అక్కడ బతికిన మోచే జనం రాజు సమాధి బయటపడింది. అందులో దొరికిన హారం ఫొటో అది. పూసలు బంగారంతో, వెండితో చేసిన వేరుశనగ కాయలు. మా మామగారు నలభై ఏళ్లు శెనక్కాయలు పండించిన మనిషి. కార్డు చేతిలోకి తీసుకుని, కళ్లద్దాలు పైకి నెట్టి, దగ్గరగా పెట్టుకుని చూశారు. కాయ మీది గీతలు, నడుమన నొక్కు అన్నీ సరిగ్గా ఉన్నాయన్నారు. "రాజు మెడలో మన శెనక్కాయ ఏసుకున్యాడే!" ఆ పంట అసలు మనది కాదని, దక్షిణ అమెరికా నుంచే వచ్చిందని పాప చెప్తే ముందు నమ్మలేదు. తర్వాత ఆ కార్డు తన దగ్గరే ఉంచుకున్నారు.

అప్పటినుంచి తాతా మనవరాలు ఇద్దరూ ఈ పెట్టె ముందే కూర్చునేవాళ్లు. పెరూని ఒకప్పుడు ఏలిన ఇంకాలు ముడులు వేసి లెక్కలు పెట్టుకున్న తాళ్లు (వాటిని కీపులంటారు) నమూనాకి కొన్ని వచ్చాయి. పైన వందలు, మధ్యలో పదులు, కింద ఒకట్లు. ఆయన అమ్మిన మూటలు 237 అంటే, పాప పైన రెండు ముడులు, మధ్యలో మూడు, కింద ఏడు చుట్లున్న ఒక పొడవాటి ముడి వేసింది. స్థాన విలువలు బళ్లో కంటే ఆ తాడు మీదే బాగా వచ్చాయి. 2023లో వానలు మొహం చాటేసినప్పుడు టీవీలో రోజూ ఎల్‌నినో మాట. ఆ ఆగస్టులో మన దేశమంతటా 1901 తర్వాత ఎప్పుడూ లేనంత తక్కువ వాన. ఆ పేరు పెట్టింది పెరూ జాలర్లని, క్రిస్మస్ ప్రాంతంలో వచ్చే వెచ్చటి నీటిని బాల ఏసు పేరుతో పిలిచారని, పాప తాతకి ఇసుక అంటించిన తీరం మీదే వేలు పెట్టి చూపించింది. ఆ నీరు బాగా వేడెక్కితే అక్కడి ఎడారిలో వరదలొస్తాయి, 1998లో సెచురాలో పెద్ద సరస్సే నిలిచింది. మనకేమో చాలాసార్లు వానలు వెనక్కి పోతాయి. ఆయన చాలాసేపు ఆ చోటే చూస్తూ ఉండిపోయారు.

కొనొచ్చా అని అడిగేవాళ్లకి: మా ఇంట్లో ఇది ఇంతగా పనిచేసిందంటే పక్కన కూర్చునే తాత ఉన్నాడు, ఓడ దిగిన మామయ్య ఉన్నాడు, సాయంత్రాలు నాకు ఖాళీ ఉంది. పిల్ల చేతికిచ్చి వదిలేస్తే ఆ ఆకుపచ్చ తీరమే మనసులో ఉండిపోతుంది. ఆరేళ్ల లోపు పిల్లలుంటే మ్యాప్ వాళ్ల మోకాళ్లకి అందకుండా చూసుకోండి. రెండువేల చిల్లర పెట్టాం, మాకైతే గిట్టుబాటైంది.

ఈ పుట్టినరోజుకి పాప చిలీ అడుగుతోంది. ఈసారి డబ్బు కట్టకముందే, కింది మూల రంగుల సూచిక ఫొటో తీసి పంపమని అమ్మేవాళ్లని అడిగాను. ఇంకా జవాబు రాలేదు.