పేగు క్యాన్సర్ వాలంటీర్లతో వాషింగ్టన్: వెళ్ళొచ్చినవాళ్ళ రివ్యూ

అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్ మీద పనిచేసే సంస్థలు ఏటా మార్చి నెలలో పేషెంట్లనీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళనీ వాలంటీర్లుగా వాషింగ్టన్ తీసుకెళ్ళి, వాళ్ళ సెనేటర్ల ఆఫీసుల్లో, కాంగ్రెస్ సభ్యుల ఆఫీసుల్లో కూర్చోబెట్టి మాట్లాడిస్తాయి. ముందు ట్రైనింగ్ ఇస్తారు, తర్వాత మీటింగులు, మధ్యలో నీలం టీషర్టులు, ఫొటోలు. ఈసారి నేనూ వెళ్ళాను. మన తెలుగు గ్రూపుల్లో గ్రీన్ కార్డ్ లాయర్ల మీద, బిర్యానీ పాయింట్ల మీద బోలెడు రివ్యూలు కనిపిస్తాయి గానీ దీని మీద నాకు ఒక్కటీ దొరకలేదు, అందుకని రాస్తున్నా. ఫైట్ సీఆర్‌సీ, కొలొరెక్టల్ క్యాన్సర్ అలయన్స్, అమెరికన్ క్యాన్సర్ సొసైటీ వాళ్ళ క్యాన్సర్ యాక్షన్ నెట్‌వర్క్, ఇలా చట్టాల కోసం వాలంటీర్లని తయారుచేసే సంస్థలు చాలానే ఉన్నాయి. నేను ఎవరితో వెళ్ళానో చెప్పను, కింద మెచ్చుకోళ్ళతో పాటు సణుగుడు కూడా ఉంది కాబట్టి.

మార్కులు ముందే వేసేస్తా. ట్రైనింగ్‌కి ఐదుకి ఐదు. ఆఫీసుల్లో మీటింగులకి నాలుగు. అవేర్‌నెస్ పేరుతో జరిగే హడావిడికి రెండు, అదీ మొహమాటానికి.

నేనెందుకు వెళ్ళానంటే, మా అన్నయ్యకి నలభై ఆరేళ్ళకి ఈ జబ్బు బయటపడింది. అంతకుముందు నెలల తరబడి మలంలో రక్తం పడుతుంటే మొలలనుకున్నాడు, వదిన కూడా అదే అనుకుంది, అమ్మేమో ఫోన్లో "వేడి చేసి ఉంటుంది నాన్నా, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు" అంది. మన ఇళ్ళల్లో ఇది ఎంత మామూలు మాటో మీకు తెలుసు. ఆపరేషన్, కీమో అన్నీ అయ్యాయి, ఇప్పుడు బాగానే ఉన్నాడు, ఆఫీసుకి వెళ్తున్నాడు, కాబట్టి ఎవరూ ఫోన్లు చేసి ఏడవక్కర్లేదు. కానీ తోడబుట్టినవాళ్ళకో, అమ్మానాన్నలకో ఈ క్యాన్సర్ వస్తే మనం నలభైకి, లేదా వాళ్ళకి బయటపడిన వయసుకి పదేళ్ళ ముందు, ఏది ముందైతే అప్పుడు కొలొనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, మొదలుపెట్టాలి అన్న లెక్క ఒకటుంది. అంటే నాకు ముప్పై ఆరు నుంచే. ఈ సంగతి మా ఫ్యామిలీ డాక్టర్ చెప్పలేదు. ఆ సంస్థ హెల్ప్‌లైన్‌లో ఫోనెత్తిన ఒక వాలంటీర్, తనూ పేషెంటే, తాపీగా అడిగి అడిగి చెప్పింది. ఆ ఒక్క ఫోన్ కాల్ వల్లే ఈ సంస్థ మీద నాకు గురి కుదిరింది.

ట్రైనింగ్ గురించి కాస్త ఎక్కువే రాస్తా, ఎందుకంటే అసలు సరుకు అదే. వెళ్ళేముందు జూమ్ క్లాసులు పెడతారు, అక్కడికెళ్ళాక మళ్ళీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయిస్తారు. నీ కథ రెండు నిమిషాల్లో చెప్పాలి. పేరు, ఊరు, ఏం జరిగింది, నీకేం కావాలి, అంతే. మనవాళ్ళకి ఇది ఎంత కష్టమో చెప్పలేను! "అసలేమైందంటే" అని మొదలుపెట్టి అన్నయ్య ఇంజినీరింగ్ సీటు దగ్గర్నుంచి ఎత్తుకుంటాం కదా. ట్రైనర్ ఫోన్లో టైమర్ పెట్టుకుని, రెండు నిమిషాలు కాగానే నిర్దాక్షిణ్యంగా చెయ్యి ఎత్తేసేది. కన్నీళ్ళు వస్తే రానివ్వండి, కానీ ఆఖర్న అడగాల్సింది అడక్కుండా బయటికి రావద్దు, అడక్కపోతే వాళ్ళు "సో సారీ టు హియర్" అని కార్డు చేతిలో పెట్టి పంపేస్తారు అని చెప్పింది. నిజంగా అలాగే జరిగింది ఒక ఆఫీసులో, మా గ్రూపులో ఒకాయన కథ చెప్పి అడగడం మర్చిపోతే పక్కనున్నావిడ అందుకోవాల్సి వచ్చింది. అందుకే ఒక్కర్నే పంపరు, రాష్ట్రాన్ని బట్టి జట్లు కడతారు, ఒకరు కథ, ఒకరు లెక్కలు, ఒకరు అడగడం.

ఇక మనలో చాలామందికి ఉండే టెన్షన్: వీసా మీద ఉన్నాం, మనం వెళ్ళి రాజకీయ నాయకుల్ని అడగొచ్చా? నేనూ అడిగాను. అడగొచ్చు. ఓటు, ఎన్నికల విరాళం వేరే సంగతి, గ్రీన్ కార్డ్ కూడా లేకపోతే అవి రెండూ కుదరవు. కానీ నీ ప్రాంతం ప్రతినిధి ఆఫీసుకి వెళ్ళి నీ సమస్య చెప్పుకోవడానికి పౌరసత్వం అక్కర్లేదు. అసలు ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో తేల్చే జనాభా లెక్కలో హెచ్‌వన్ వాళ్ళు కూడా ఉంటారు. ఏ ఆఫీసులోనూ నన్ను ఎవరూ కాగితాలు అడగలేదు, ఏ ఊళ్ళో ఉంటావు అని మాత్రం అడిగారు.

మీటింగుల్లో మనకి దొరికేది సెనేటర్ కాదు, వాళ్ళ దగ్గర హెల్త్ విషయాలు చూసే స్టాఫర్. పాతికేళ్ళ కుర్రాళ్ళు. పది, పదిహేను నిమిషాలు, ఒక్కోసారి వరండాలో నిలబడే. మొదట నాకు చిన్నతనంగా అనిపించింది, ఇంత దూరం వచ్చింది ఈ పిల్లాడితో మాట్లాడటానికా అని. కానీ ఆ పిల్లాడే రాసుకుంటాడు, వాడే పైవాళ్ళకి చెప్తాడు. వాడి దగ్గరికి ఆ రోజే ఇంకెన్ని జబ్బులవాళ్ళు వచ్చి వెళ్ళి ఉంటారో.

ఇదంతా చేస్తే ఏమొస్తుంది అని మా ఆయన లాంటివాళ్ళు అడుగుతారు కాబట్టి ఒకటి చెప్తా. మెడికేర్‌లో, అంటే ముఖ్యంగా అరవై ఐదు దాటినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్‌లో, స్క్రీనింగ్ కొలొనోస్కోపీ (ఏ లక్షణాలూ లేకపోయినా ముందుజాగ్రత్తగా చేసేది) ఉచితం. కానీ పరీక్ష మధ్యలో డాక్టర్‌కి పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) కనిపించి అక్కడికక్కడే తీసేస్తే, ఆ క్షణం నుంచి అది స్క్రీనింగ్ కాదు, ట్రీట్‌మెంట్ అని లెక్కేసి ఇరవై శాతం పేషెంట్ నెత్తిన వేసేవాళ్ళు. క్యాన్సర్ రాకుండా చేసే పని చేసినందుకు బిల్లు! మత్తులోకి వెళ్ళేటప్పుడు ఉచితం, లేచేసరికి డబ్బులు. దీన్ని మార్చమని వాలంటీర్లు ఏళ్ళ తరబడి ఇలాగే ఆఫీసుల చుట్టూ తిరిగారు. చివరికి 2020 డిసెంబరులో చట్టం పాసైంది, అదీ ఒక్కసారిగా కాదు: 2023 నుంచి పదిహేను శాతం, 2027 నుంచి పది, 2030కి సున్నా. ఇంత నత్తనడకకి పండగ చేసుకోవాలా అని నాకూ అనిపించింది గానీ, మా గ్రూపులో ఆ పోరాటంలో మొదట్నుంచీ ఉన్న ఒక పెద్దావిడని చూశాక ఆ మాట పైకి అనలేకపోయాను.

స్క్రీనింగ్ మొదలుపెట్టాల్సిన వయసు సంగతి కూడా అంతే. యాభై అని ఉన్నదాన్ని 2018లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ నలభై ఐదుకి దించింది, 2021 మేలో ప్రభుత్వానికి సలహా ఇచ్చే టాస్క్‌ఫోర్స్ కూడా అదే చెప్పింది. అది చెప్పాకే మామూలు ఇన్సూరెన్సులు నలభై ఐదు నుంచి ఉచితంగా చేయక తప్పలేదు. మలపరీక్షలో తేడా వస్తే దాని వెంట చేసే కొలొనోస్కోపీకి డబ్బులు తీసుకోకూడదన్న రూల్ 2022లో వచ్చింది. మీకు బిల్లు వస్తే నోరు మూసుకుని కట్టెయ్యకండి, ఫోన్ చేసి అడగండి. మా వదినకి వచ్చిన బిల్లు రెండు ఫోన్లతో ఎగిరిపోయింది.

పరిశోధన నిధుల గురించి కూడా అడిగించారు. అమెరికా రక్షణ శాఖ బడ్జెట్‌లో క్యాన్సర్ పరిశోధనకి డబ్బులుంటాయని నాకు అక్కడే తెలిసింది. రొమ్ము క్యాన్సర్ వాళ్ళు ఇలాగే అడిగి అడిగి 1992లోనే తమకో ప్రత్యేక పద్దు సంపాదించుకున్నారు. పేగు క్యాన్సర్‌ది మాత్రం చాలా ఏళ్ళుగా ఇతర క్యాన్సర్లతో కలిపి ఉమ్మడి పద్దు, ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలి వాటా లాగా. ఆ ప్రోగ్రాంలో ఏ పరిశోధనకి డబ్బివ్వాలో తేల్చే ప్యానెళ్ళలో సైంటిస్టులతో పాటు పేషెంట్లు కూడా కూర్చుని మార్కులేస్తారట. మన సాఫ్ట్‌వేర్ జనంలో స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ళు ఎంతమందో, ఇది మనకి బాగా సరిపోయే పని అనిపించింది.

ఇప్పుడు సణుగుడు.

అవేర్‌నెస్ కార్యక్రమాలు. పచ్చికలో నీలం జెండాలు పాతడం, లోపలికి నడిచి వెళ్ళే గాలి నింపిన పేగు బొమ్మ, మలం ఆకారంలో టోపీలు, మార్చి మొదటి శుక్రవారం అందరూ నీలం బట్టలు. సరదాగానే ఉంటుంది, పిల్లలు ఆ పేగు బొమ్మలో పరుగులు పెడతారు, సిగ్గు కొంత పోతుంది, కాదనను. కానీ అక్కడ ఫొటోలు దిగేవాళ్ళందరూ ఆల్రెడీ ఈ జబ్బు సంగతి తెలిసినవాళ్ళే. తెలియనివాళ్ళని కదిలించేది వేరే. టీవీ యాంకర్ కేటీ కూరిక్ భర్త 1998లో నలభై రెండేళ్ళకి దీంతోనే పోతే, ఆవిడ 2000 మార్చిలో టుడే షోలో తన కొలొనోస్కోపీని జనానికి చూపించింది. ఆ తర్వాతి నెలల్లో కొలొనోస్కోపీలు ఇరవై శాతం పైన పెరిగాయని 2003లో ఒక అధ్యయనం తేల్చింది. 2020లో నటుడు చాడ్విక్ బోస్‌మన్ నలభై మూడేళ్ళకి పోయినప్పుడు కూడా మా ఆఫీసులో కుర్రాళ్ళు ఉలిక్కిపడ్డారు. మన తెలుగు సెలబ్రిటీ ఎవరైనా ఇలా కెమెరా ముందు చేయించుకుంటారా అంటే, మోకాలి ఆపరేషనే రహస్యంగా చేయించుకునే రకాలు మనవి.

రెండో సణుగుడు, మన తిండి వాళ్ళకి తెలీదు. కొలొనోస్కోపీ ముందు ఏం తినాలో చెప్పే కరపత్రం ఇచ్చారు: జెల్లో, చికెన్ బ్రాత్, యాపిల్ జ్యూస్. శాకాహారి ఏం చెయ్యాలి? వడకట్టిన చారు తాగొచ్చా అని అడిగితే చారంటే ఏమిటో పావుగంట వివరించాల్సి వచ్చింది, ఆఖరికి "మీ డాక్టర్‌ని అడగండి" అన్నారు. మనవాళ్ళ కోసం నేనే రాస్తున్నా: ముందు కొన్ని రోజులు గింజలు, పీచు బాగా తగ్గించమంటారు, అంటే ఆవాల తాలింపు, నువ్వుల పొడి, గింజలున్న టమాటా పచ్చడి, గోంగూర, ఇవన్నీ పక్కన పెట్టాలి. ముందు రోజు అవతలికి కనపడేంత తేటగా ఉన్న ద్రవాలే, కొబ్బరినీళ్ళు సరే, మజ్జిగ కుదరదు, ఎర్ర రంగుదేదీ వద్దు. పేగు ఖాళీ చేసే మందు సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్ష రోజు తెల్లారుజామున తాగిస్తారు. రుచి ఘోరం, ఫ్రిజ్‌లో పెట్టుకుంటే కాస్త నయం.

మూడోది ఆ సంస్థ తప్పు కాదు, మనది. అక్కడినుంచి వచ్చాక మా దగ్గర ఒక తెలుగు సంఘం హెల్త్ క్యాంప్ పెడితే వాలంటీర్‌గా వెళ్ళాను. బీపీ, షుగర్ బల్లల ముందు క్యూ. పేగు క్యాన్సర్ గురించి ఒక బల్ల ఇమ్మంటే "భోజనాల టైంలో అది ఎందుకండీ" అన్నారు. పక్కన డెంటల్ బల్ల వాళ్ళు జాలిపడి సగం జాగా ఇచ్చారు. అక్కడ నిలబడితే ఆడవాళ్ళు వచ్చి గొంతు తగ్గించి అడిగారు, మగవాళ్ళు భార్యల్ని పంపించారు. అడిగినవాళ్ళలో సగం మంది కొలొనోస్కోపీ ఒక్కటే మార్గం అనుకుంటున్నారు. ఇంట్లోనే చేసుకునే ఫిట్ అనే మలపరీక్ష ఉందనీ, ఏటా చేయించుకోవాలనీ, దానికి పత్యం ఏమీ అక్కర్లేదనీ చెప్తే మొహాలు వెలిగాయి. కొలొగార్డ్ అని డీఎన్‌ఏ కూడా చూసే ఇంకో మలపరీక్ష అయితే మూడేళ్ళకోసారి, కొలొనోస్కోపీ అంతా బాగుంటే పదేళ్ళకోసారి. ఇవి రిస్క్ లేనివాళ్ళకి, నాలాగా ఇంట్లో కేసు ఉన్నవాళ్ళకి నేరుగా కొలొనోస్కోపీయే చెప్తారు. రక్తపరీక్ష చాలదా అని అందరూ అడుగుతారు. 2024లో షీల్డ్ అని ఒకదాన్ని ఎఫ్‌డీఏ (మందులకీ, పరీక్షలకీ అనుమతిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) ఒప్పుకుంది, క్యాన్సర్ ఉంటే నూటికి ఎనభై మూడు కేసుల్లో పట్టుకుంటుంది గానీ, క్యాన్సర్‌గా మారబోయే ముదిరిన పాలిప్‌లని పదమూడు శాతమే పట్టుకుంటుంది. పాలిప్ దశలోనే తీసేస్తే జబ్బే రాదు కదా, ఆ లాభం రక్తపరీక్షలో చాలావరకు పోతుంది.

ఇండియాలో అమ్మానాన్నల సంగతి ఇంకో తలనొప్పి. అక్కడ ప్రభుత్వం ఊరూరా చేసే క్యాన్సర్ స్క్రీనింగ్ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం, ఈ మూడింటికే. పేగుకి లేదు. దానికి తోడు బస్టాండ్ గోడల మీద "మొలలు, ఫిషర్, భగందరం, ఆపరేషన్ లేకుండా నయం" అన్న రాతలు. మీవాళ్ళు రక్తం పడుతోందంటే ఆ బోర్డు దగ్గరికి కాకుండా గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి పంపండి. ఇక్కడికి వచ్చినప్పుడు చేయిద్దాంలే అనుకోకండి, విజిటర్ ఇన్సూరెన్సులు సాధారణంగా స్క్రీనింగ్‌కి పైసా ఇవ్వవు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి చిల్లర సంగతులు. వాషింగ్టన్‌లో హోటల్ ఖరీదు, మార్చిలో మరీ, కాబట్టి ప్రయాణం ఖర్చులకి సాయం ఉందేమో రిజిస్టర్ చేసేటప్పుడే అడగండి. ఆఫీసు బిల్డింగులు ఒకదానికొకటి దూరం, ప్రతి గుమ్మం దగ్గరా సెక్యూరిటీ, నడక బూట్లు వేసుకోండి, నేను చూసిన పట్టుచీర ఆవిడ మధ్యాహ్నానికి చెప్పులు చేత్తో పట్టుకుంది. సెలవు దొరక్కపోతే వాషింగ్టన్ దాకా పోనక్కర్లేదు, ఆగస్టులో కాంగ్రెస్ సభ్యులు ఎక్కువగా సొంత ఊళ్ళల్లో ఉంటారు, వాళ్ళ లోకల్ ఆఫీసులో అపాయింట్‌మెంట్ అడిగితే ఇస్తారు, అక్కడ వరండాలో కాదు, కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడతారు. నేను మా లోకల్ ఆఫీసులో ఆగస్టుకి అడిగాను, న్యూజెర్సీలో ఎడిసన్ చుట్టుపక్కల ఉండి, తోడు రాగలవాళ్ళు ఉంటే కింద చెప్పండి, ముగ్గురం ఉంటే పని చక్కగా జరుగుతుంది.