కోచింగ్ చాలా బాగుంది, ఎలైట్ బ్యాచ్‌కి మాత్రం తొందరపడకండి

ఎంవీపీ కాలనీ చుట్టుపక్కల పిల్లలకి బ్యాడ్మింటన్ నేర్పించాలనుకునే వాళ్లకి ఈ అకాడమీ మంచిదే. మా పాపకి పదకొండేళ్లు, ఇక్కడే ఆడుతోంది, ఇక ముందూ ఇక్కడే ఆడుతుంది. నాలుగు కోర్టులు, చెక్క ఫ్లోర్ మీద సింథటిక్ మ్యాట్, ఎత్తైన పైకప్పు. పైకి చూసి స్మాష్ కొట్టేటప్పుడు కళ్లలో పడకుండా లైట్లు పక్కల నుంచి పెట్టారు. షటిల్ పక్కకి కొట్టుకుపోతుందని ఆట నడుస్తున్నంతసేపు ఫ్యాన్లు వెయ్యరు, తలుపులు మూసేస్తారు. మే నెలలో మన వైజాగ్ ఉక్కపోతకి పిల్లలు తడిసి ముద్దవుతారు. రెండు సీసాల నీళ్లు, మార్చుకోవడానికి ఇంకో టీషర్ట్ తప్పకుండా పంపండి.

నేర్పే పద్ధతి నాకు బాగా నచ్చింది. మొదట్లో షటిల్ కంటే కాళ్ల మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టారు. షటిల్ లేకుండా కోర్టులో ముందు, మధ్య, వెనక రెండు పక్కలా ఉన్న ఆరు చోట్లకీ వెళ్లి మధ్యలోకి తిరిగి రావడం, అదే షాడో ప్రాక్టీస్, విసుగొచ్చేదాకా చేయించారు. చిన్న పిల్లల బ్యాచ్ చూసే కోచ్ గారు మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కరి వేళ్లు పట్టుకుని గ్రిప్ సరిచేస్తారు. బ్యాక్‌హ్యాండ్‌కి బొటనవేలు ఎక్కడ ఆనించాలో మా పాప ఇప్పుడు ఇంట్లో తమ్ముడికి నేర్పుతోంది. పిల్లల మీద అరవడం నేనెప్పుడూ వినలేదు.

నేను ముఖ్యంగా రాయాలనుకున్నది ఎలైట్ బ్యాచ్ గురించి. పాప జిల్లా స్థాయి పోటీలో రెండు రౌండ్లు గెలవగానే హెడ్ కోచ్ గారు మమ్మల్ని పిలిచారు. "మేడమ్, పాపలో దమ్ముంది. ఈత, స్కూల్లో పరుగు పందేలు మానిపించెయ్యండి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు, వారానికి ఆరు రోజులు. అండర్-13 సెలక్షన్స్‌కి ఇప్పుడే దిగాలి" అన్నారు. అంటే వారానికి ఇరవై నాలుగు గంటలు. మా అత్తయ్య విని, "గుంటకి ఆటలాడుకోడానికైనా ఖాళీ ఇవ్వరేటి?" అన్నారు.

కోచ్ గారి మాటలో నిజం లేదనను. చేతిలో ఆ టచ్ రావాలంటే చిన్నప్పుడే రాకెట్ పట్టాలి. సింధు ఎనిమిదేళ్లకే మొదలుపెట్టిందని ఆయన గుర్తుచేశారు, అదీ నిజమే. కానీ సింధు అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు. ఆటగాళ్ల ఒంటికి ఎంత శ్రమ చాలు, ఎక్కడ ఆపాలి అన్నది తెలిసిన ఇల్లు అది. నేను బ్యాంకు ఉద్యోగిని, మా ఆయన షిప్‌యార్డులో. మాకు ఆ చూపు లేదు, అందుకే తెలిసినవాళ్లని అడిగాం.

పాపకి మోకాలి చిప్ప కింద నొప్పి వస్తుంటే సీతమ్మధారలో ఒక ఫిజియో దగ్గరికి తీసుకెళ్లాం. ఎదిగే వయసులో ఎముక ఇంకా మెత్తగా ఉంటుందనీ, తొడ కండరం పదే పదే లాగితే అక్కడ నొప్పి పుడుతుందనీ ఆవిడ చెప్పారు. బ్యాడ్మింటన్‌లో ప్రతిసారీ రాకెట్ పట్టుకున్న వైపు కాలే ముందుకి వేస్తారు కదా, భారమంతా ఆ కాలి మీదే. ఈతలో ఒళ్లంతా సమానంగా కదులుతుంది, దాన్ని మాన్పించొద్దన్నారు. పిల్లకి ఎన్నేళ్లో, వారానికి ఒకే ఆట శిక్షణ అన్ని గంటలు దాటకుండా చూడమన్నారు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఇచ్చిన నివేదిక కూడా, ఎక్కువ ఆటల్లో పదిహేను పదహారేళ్ల దాకా ఒక్కదానికే కట్టెయ్యొద్దని, వారానికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఉండాలని చెబుతుంది. జిమ్నాస్టిక్స్ లాంటివి వేరు, అక్కడ చిన్న వయసులోనే శిఖరానికి చేరాలి. బ్యాడ్మింటన్ అంత తొందర ఆట కాదు.

తొందరపడకపోయినా పైకి రావచ్చు, మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజీనే చూడండి. ఇక్కడి స్కూల్లో పరుగులు మొదలుపెట్టి, పదహారు పదిహేడేళ్ల వయసులో హైదరాబాద్‌లోని సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా) సెంటర్‌కి వెళ్లింది. 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్స్ 100 మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణం గెలిచింది. ఆస్ట్రేలియా టెన్నిస్ క్రీడాకారిణి ఆష్ బార్టీ అయితే పదిహేనేళ్లకే వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలిచి, 2014లో టెన్నిస్ పక్కన పెట్టి క్రికెట్ ఆడి, తిరిగొచ్చి 2019లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది.

ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ పిల్లల్ని కూర్చోబెట్టేస్తున్న ఊళ్లలో ఆట కూడా అదే దారి పడుతుంటే నాకు నిజంగా భయమేస్తోంది. ఎలైట్ బ్యాచ్ కోసం స్కూల్లో డమ్మీ అడ్మిషన్, అంటే క్లాసులకి వెళ్లకుండా పేరుకి మాత్రం అడ్మిషన్, తీసుకున్న తల్లిదండ్రులు నాకు ఇక్కడే కనిపించారు. పిల్ల పన్నెండేళ్లకి రాకెట్ చూస్తేనే మొహం తిప్పుకుంటే ఆ పాటికి చదువూ లేదు, ఆటా లేదు.

మేము పాపని వారానికి నాలుగు రోజుల బ్యాచ్‌లోనే ఉంచాం. ఈత కొనసాగుతోంది. స్కూల్ స్పోర్ట్స్ ఉన్న వారం ఇక్కడ ఒక రోజు తగ్గిస్తాం. పద్నాలుగేళ్లు వచ్చాక తనకే ఇష్టమైతే అప్పుడు మాట్లాడదామని హెడ్ కోచ్ గారితో చెప్పాం. మొదట మొహం చిన్నబుచ్చుకున్నా, పాపని చూసే తీరులో ఏ తేడా చూపించలేదు. అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

కోచింగ్‌కి అయిదు స్టార్లు, తల్లిదండ్రులకిచ్చే సలహాకి మూడు. నాలుగు రోజుల బ్యాచ్ నెలకి 3,500, షటిళ్ల ఖర్చు వేరే. ఎలైట్ 12,000. నేల మీద మరకలు పడని నాన్ మార్కింగ్ షూ లేకపోతే కోర్టులోకి రానివ్వరు. చేర్చేటప్పుడే వారానికి ఎన్ని గంటలో, సెలవు ఏ రోజో అడిగి రాయించుకోండి.