గిబ్సన్‌కు దక్కని అవకాశం: ‘అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్’

అమెరికా బేస్‌బాల్ చరిత్రను మరో దారిలో నడిపించి చూడాలనుకునేవారికి ‘అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్’ను మించిన కంప్యూటర్ సిమ్యులేషన్ గేమ్ నాకు కనబడలేదు. 1871 మొదలుకొని కోరుకున్న సంవత్సరంలో లీగును ప్రారంభించి, కమిషనర్ హోదాలో నిబంధనలనూ, జట్లనూ, ఆటగాళ్ల సామర్థ్యాలనూ మార్చుకోవచ్చు.

నేను 1933ను ఎంచుకుని, అగ్రశ్రేణి పోటీలైన మేజర్ లీగుల్లో వర్ణవివక్ష లేదన్న ఊహతో నల్లజాతి బ్యాటర్ జాష్ గిబ్సన్‌ను పిట్స్‌బర్గ్ పైరేట్స్‌లో చేర్చాను. నిజానికి ఆయన ఆ ప్రాంతపు నీగ్రో లీగ్ (నల్లజాతి ఆటగాళ్లకు వేరుగా నడిచిన పోటీలు) జట్లకు ఆడి, 1947 ఏప్రిల్ 15న ఆ వర్ణవివక్షకు తెరదించుతూ జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ తరఫున బరిలో దిగడానికి మూడు నెలల ముందే, 35 ఏళ్లకే కన్నుమూశారు. 2024లో నీగ్రో లీగ్ గణాంకాలను అధికారిక రికార్డులలో కలిపినప్పుడు, .372 కెరీర్ బ్యాటింగ్ సగటుతో అగ్రస్థానం ఆయనదే అయింది. అందుకే నా లీగులో ఆయన తొలి హోమ్ రన్ కొట్టిన రోజు, అది కేవలం లెక్కల ఫలితమని తెలిసినా, కళ్లు చెమర్చాయి. మైదానాల స్వభావాన్ని కూడా ఈ గేమ్ లెక్కలోకి తీసుకుంటుంది కనుక, పైరేట్స్ సొంత మైదానమైన విశాలమైన ఫోర్బ్స్ ఫీల్డ్‌లో ఆయన గణాంకాలు నమ్మదగినవిగానే కనిపించాయి.

కళ్లు చెదిరే దృశ్యాలకన్నా స్కోరు పట్టికలు చదవడంలో ఆనందం పొందేవారికి ఇది తగినది. కొత్తవారు ఒకే మార్పుతో మొదలుపెట్టి పది సీజన్లు నడిపితే, దాని ప్రభావం స్పష్టంగా తెలుస్తుంది.