కదలని బల్ల, కదిలే బొమ్మ: మూడేళ్ల స్టాప్ మోషన్ అనుభవం

2022 సంక్రాంతికి పెట్టిన బొమ్మల కొలువు తీసేస్తున్న రోజు మొదలైంది ఇదంతా. పై మెట్టు మీదున్న కొండపల్లి అంబారీ ఏనుగు కింది మెట్టు దాకా నడిచి వస్తే ఎలా ఉంటుందని మా అమ్మాయి అడిగింది. అప్పటికి తనకు తొమ్మిదేళ్లు. బొమ్మను కొంచెం కొంచెం జరుపుతూ ఒక్కో ఫొటో తీసి, అన్నింటినీ వరుసగా ఆడిస్తే అది కదిలినట్టు కనిపిస్తుంది, దీన్నే స్టాప్ మోషన్ అంటారు. ఫోనులో స్టాప్ మోషన్ స్టూడియో అనే యాప్ వేసుకుని ఆ సాయంత్రమే నలభై ఫొటోలు తీశాం. ఆడించి చూస్తే ఎనిమిది సెకన్లే. ఏనుగు నడిచిన మాట నిజమే. దాంతోపాటు గోడ ఊగింది, మెట్లు ఊగాయి, మెట్ల మీద పరిచిన పట్టుచీర అంచు అలల్లా లేచి పడింది. అయినా అమ్మాయి ఆ ఎనిమిది సెకన్లను ఆ రాత్రి ఇరవై సార్లు చూసి ఉంటుంది.

అప్పటి నుంచి మూడేళ్లలో ముప్పై దాకా చిన్న వీడియోలు చేశాం. వాటిలో పెద్దది రెండు నిమిషాల పది సెకన్లు, అంటే పదిహేను వందల ఫొటోల పైమాటే. కొత్తగా మొదలుపెట్టాలనుకునే వారు ఏమి కొనాలి, దేనికి డబ్బు పెట్టకూడదు అని తరచుగా అడుగుతుంటారు కాబట్టి వాడి చూసినది వాడినట్టు రాస్తున్నాను. నా మాట ముందే చెబుతాను: ఈ పనిలో బొమ్మను కదిలించడం సులువు. మిగతా ప్రపంచాన్నంతా కదలకుండా పట్టి ఉంచడమే కష్టం. డబ్బు, శ్రద్ధ రెండూ అక్కడే పెట్టాలి.

ముందు యాప్ సంగతి. దీనిలో నేను ప్రాణంగా చూసుకునే సదుపాయం ఒకటుంది. ఇప్పుడే తీసిన ఫొటో తెర మీద నీడలా నిలిచి ఉంటుంది, దాని వెనుక కెమెరా ప్రస్తుతం చూస్తున్న దృశ్యం కనిపిస్తుంది. దీన్ని ఆనియన్ స్కిన్ అంటారు. నీడ ఎంత చిక్కగా ఉండాలో జరిపి పెట్టుకోవచ్చు. నేను సగానికి ఉంచుతాను. బొమ్మ ఇందాక ఎక్కడుంది, ఇప్పుడు ఎంత జరిగింది అనేది ఒక్క చూపులో తెలుస్తుంది. దీని అసలు విలువ తెలిసింది మాత్రం బొమ్మ పడిపోయిన రోజున. నూట ముప్పయ్యో ఫొటో దగ్గర నా మోచెయ్యి తగిలి ఏనుగు పక్కకు ఒరిగిపోయింది. అంతకు ముందైతే మొదటి నుంచి తీయాల్సిందే అనుకునేవాళ్లం. ఆ రోజు తెర మీది నీడను చూస్తూ, తొండం మీద తొండం, కాలి మీద కాలు పడేలా ఏనుగును మెల్లగా సర్దింది అమ్మాయి. అయిదు నిమిషాలు పట్టింది. వీడియోలో ఆ చోటు ఎక్కడుందో ఇప్పుడు నేనే కనిపెట్టలేను.

సెకనుకు ఎన్ని ఫొటోలు అనేది కొత్తవారు తప్పకుండా అడిగే ప్రశ్న. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో, అంటే 24 బొమ్మలతో నడుస్తుంది. స్టాప్ మోషన్ చేసేవారు చాలామంది ఒక్కో భంగిమను రెండేసి ఫ్రేముల పాటు ఉంచుతారు, అంటే సెకనుకు 12 కదలికలు చాలు. మేం మొదట 5తో మొదలుపెట్టాం. బొమ్మ నడిచినట్టు కాక ఎగిరెగిరి పడినట్టు ఉండేది. తర్వాత ఉత్సాహం కొద్దీ 24కు వెళ్లి ఒక ఆదివారమంతా కూర్చుంటే వచ్చింది ఎనిమిది సెకన్లు. ఇప్పుడు 12 దగ్గర స్థిరపడ్డాం. ఓపిక తక్కువగా ఉండే చిన్న పిల్లలతో చేసేటప్పుడు 8 కూడా బాగానే ఉంటుంది.

ఉచితంగా దొరికే యాప్‌తోనే నాలుగు నెలలు నడిచింది. ఆ తర్వాత డబ్బు కట్టి ప్రో తీసుకున్నాను. దానిలో అదనంగా వచ్చే సదుపాయాల్లో నిజంగా వాడేవి రెండే. ఒకటి, బొమ్మను గాల్లో నిలపడానికి పెట్టిన తీగను ఫొటోలోంచి చెరిపే పరికరం. దానికి ముందుగా బొమ్మ లేని ఖాళీ దృశ్యాన్ని ఒక ఫొటో తీసి ఉంచుకోవాలి, ఇది మరిచిపోతే తర్వాత చాలా ఇబ్బంది. రెండోది, ఒక ఫోనును కెమెరాగా పైన బిగించి, మరో ఫోను నుంచి ఫొటో తీసే వీలు. తెరను వేలితో తాకిన ప్రతిసారీ కెమెరా వెంట్రుక వాసి కదులుతుంది, అదంతా వీడియోలో వణుకై కనిపిస్తుంది. రెండో ఫోను లేనివారు చవకగా దొరికే బ్లూటూత్ మీట ఒకటి కొనుక్కున్నా ఆ బాధ తప్పుతుంది. వెనుక ఆకుపచ్చ తెర కట్టి, దాని స్థానంలో వేరే ఫొటో పెట్టే గ్రీన్ స్క్రీన్‌ను రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాం. చేత్తో వేసిన అట్ట ముక్కల కొండ, వెనుక పెట్టిన ఏ ఫొటో కన్నా బొమ్మల పక్కన అందంగా ఉంటుంది. స్టూడియోలలో వాడే డ్రాగన్‌ఫ్రేమ్ లాంటి సాఫ్ట్‌వేర్ పెద్ద కెమెరాలనూ దీపాలనూ కూడా నడిపిస్తుంది. నేర్చుకునే దశలో దాని జోలికి వెళ్లనక్కర్లేదు, మూడేళ్ల తర్వాత కూడా నాకు ఆ లోటు తెలియలేదు.

ఇక స్టాండు. మొదట్లో వంగే మెడ ఉన్న ఒక ఫోను హోల్డర్ కొన్నాను. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. ఒక రాత్రి పదింటికి పని ఆపి, దాన్ని అలాగే ఉంచి, పొద్దున ఏడింటికి వచ్చి చూశాను. నీడలో నేల గీత ఒక చోట, ఇప్పుడు కనిపిస్తున్న గీత దానికి గోరు మందం పైన. ఫోను బరువుకు మెడ రాత్రంతా కొద్దికొద్దిగా వాలిపోయింది. ఆ సన్నివేశం పోయింది. దయచేసి ఆ రకం కొనకండి. మూడు కాళ్ల మామూలు ట్రైపాడ్ కొని, దాని మధ్యలో రెండు కిలోల బియ్యం సంచి వేలాడదీయండి. కాళ్ల చుట్టూ నేల మీద టేపు అంటించండి, బల్ల కాళ్లకు కూడా. ఛార్జర్ తీగ ఫోనును లాగకుండా దాన్నీ టేపుతో ట్రైపాడ్‌కు అంటించాలి. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి, రెండో ఫోనో బ్లూటూత్ మీటో వాడితే వైఫై, బ్లూటూత్ మాత్రం మళ్లీ వేసుకోవాలి. షూటింగ్ మధ్యలో ఫోన్ వచ్చి గుర్రుమని కదిలితే తగిలే దెబ్బ అంతా ఇంతా కాదు.

వెలుతురు విషయంలో నేను చేసిన పొరపాట్లు ఇంకెవరూ చేయకూడదని నా కోరిక. కిటికీ పక్కన వెలుగు ఎంతో బాగుందని మొదటి రెండు నెలలు అక్కడే తీశాం. గంట సేపు తీసిన ఫొటోలు అయిదు సెకన్లలో తిరుగుతాయి కదా, ఆ అయిదు సెకన్లలో మబ్బు రావడం, పోవడం, నీడ గోడ మీద పాకడం అన్నీ కనిపించాయి. ఇప్పుడు కిటికీకి మందపాటి దుప్పటి కట్టి, రెండు టేబుల్ లైట్ల వెలుగులోనే పని. దానితో కూడా మినుకుమినుకు పోలేదు. మన ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్‌ది. చవక ఎల్ఈడీ బల్బు వెలుగు సెకనుకు వంద సార్లు పెరిగి తగ్గుతుంటుంది. కంటికి తెలియదు, కెమెరా షట్టర్ వేగంగా మూసుకుంటే మాత్రం ఒక ఫొటో వెలుగులోనూ మరొకటి చీకటిలోనూ పడుతుంది. షట్టర్‌ను సెకనులో 50వ వంతుకు పెట్టాక ఆ జబ్బు వదిలింది. ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), ఫోకస్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం) మూడింటినీ మొదటి ఫొటోకు ముందే బిగించాలి, లేకపోతే ప్రతి ఫొటోకూ ఫోను సొంత నిర్ణయాలు తీసుకుంటుంది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు: ముదురు రంగు బట్టలు వేసుకోండి. తెల్ల చుడీదార్‌లో కూర్చుని రెండు వందల ఫొటోలు తీశాను. నేను ముందుకు వంగిన ప్రతిసారీ బొమ్మ ముఖం మీద వెలుగు పడింది, వెనక్కి జరిగితే పోయింది.

బొమ్మల్లో దేనితో మొదలుపెట్టాలి? కొండపల్లి బొమ్మలు మా ఊరి పక్కవే కాబట్టి వాటి మీద నాకు ప్రేమ ఎక్కువ. పొణికి కర్రతో చేసి, రంపపు పొట్టూ చింతగింజల జిగురూ కలిపి అతికిన బొమ్మలవి, దూదిలా తేలికగా ఉంటాయి. ఆ తేలికే ఇక్కడ ఇబ్బంది, వేలు తగిలితే చాలు పడిపోతాయి. పాదాల కింద శనగగింజంత బంకమట్టి పెడితే నిలబడతాయి. కీళ్లు ఉండవు కనుక జరపడం, తిప్పడం తప్ప మరేమీ చేయలేం. ఏటికొప్పాక లక్క బొమ్మల నునుపు మీద దీపం చుక్కలా మెరుస్తుంది. దీపానికి కొంచెం దూరంలో బటర్ పేపర్ తెరలా కడితే మెరుపు మెత్తబడుతుంది.

బంకమట్టిలో నూనె కలిసిన రకమే కొనాలి. పిల్లల పిండి ముద్దలు గంటలో ఎండి పగులుతాయి. నూనె మట్టికి మాత్రం విజయవాడ మే నెల పడదు. ఫ్యాన్ వేస్తే కాగితపు చెట్లు ఊగుతాయి, ఆపితే బొమ్మ మోకాళ్లు మెత్తబడి కూలబడుతుంది. పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీసి వాడుకుంటున్నాం. లోపల అల్యూమినియం తీగను రెండు పేటలుగా మెలిపెట్టి అస్థిపంజరం చేస్తే చేతులు నిలుస్తాయి, అయితే మోచేతి దగ్గర వంచగా వంచగా ఒక రోజు పుటుక్కున తెగుతుంది. తెలుపు, పసుపు ముద్దలను ముందు మలిచి తర్వాతే ఎరుపు, నలుపు ముట్టుకోవాలి. ఆ వరుస తప్పితే తెల్ల ముఖం బూడిద రంగుకు తిరుగుతుంది.

కొత్తవారికి నా సలహా మాత్రం కాగితం బొమ్మలే. మన తోలుబొమ్మలను దగ్గరగా చూడండి. భుజం, మోచెయ్యి, నడుము వేరువేరుగా కత్తిరించి కీళ్ల దగ్గర దారంతో ముడి వేసి ఉంటాయి. తోలుబొమ్మలకు పేరున్న నిమ్మలకుంట బొమ్మ ఒకటి ముందు పెట్టుకుని, అదే పద్ధతిలో డ్రాయింగ్ అట్టతో మా బొమ్మ చేశాం. బల్ల మీద పడుకోబెట్టి పైనుంచి ఫొటో తీస్తే పడిపోవడమనే బెంగే ఉండదు. 1926లోనే జర్మనీలో లొట్టే రైనిగర్ ఇలా కత్తిరించిన కీళ్ల బొమ్మలకు కింద నుంచి వెలుగు పెట్టి పూర్తి నిడివి చిత్రం తీశారని తెలిశాక, మా గాజు బల్ల కింద కూడా ఒక దీపం చేరింది.

కదలికలో పట్టు రావడానికి ఒక చిన్న సాధన చేయండి. స్కేలు పక్కన పెట్టి ఒక గోలీని జరపండి: 2 మిల్లీమీటర్లు, తర్వాత 4, 8, 12, మళ్లీ 12, 8, 4, 2. ప్రతిసారీ సమానంగా జరిపితే గోలీని ఎవరో తాడుతో లాగుతున్నట్టుంటుంది. ఇలా పెంచి తగ్గిస్తే తనంతట తాను దొర్లి ఆగినట్టుంటుంది. మేం ఇది కనుక్కున్న రోజున మా అమ్మాయి గట్టిగా అరిచి పక్క గదిలోని వాళ్ల నాన్నను పిలిచింది.

భద్రపరచడం గురించి ఒక మాట. ఫోను మార్చేటప్పుడు వీడియోలు దాచుకున్నాను, ఫొటోల వారీగా ఉన్న ప్రాజెక్టులను దాచుకోలేదు. పాత ఫోను తుడిచేశాక తెలిసింది, ఆ ఏనుగు నడకను ఇక సరిచేయలేనని. ప్రతి సినిమా అయిపోగానే ప్రాజెక్టును కూడా కంప్యూటర్‌లో పెట్టుకోండి.

ఇప్పుడు అమ్మాయికి పన్నెండేళ్లు. కొండపల్లి తాటిచెట్టు మీద కల్లుగీత కార్మికుడు ఎక్కే సన్నివేశం తీస్తోంది. అసలు బొమ్మను చెట్టు నుంచి ఊడదీయడం ఇష్టం లేక, కొలతలు తీసుకుని అట్టతో మరో మనిషిని చేసింది. నిన్న రాత్రికి 212 ఫొటోలయ్యాయి, అతను ఇంకా చెట్టు సగంలో ఉన్నాడు. గది తలుపు మీద కాగితం అంటించి ఉంది: "లోపలికి రావద్దు. నేల అదురుతుంది."