గుయ్యిమనే ప్లేయరుకు ఏది మేలు: లీనియర్ సప్లైనా, బ్యాటరీనా, ఆప్టికల్ కేబులా?

ధనుర్మాసం దగ్గరపడి చెన్నై సభల్లో కచేరీలు మొదలయ్యే వేళకు నన్ను చాలామంది ఒకే ప్రశ్న అడుగుతారు. "ఇంట్లో ప్లేయర్ మీద పాత కచేరీలు వింటుంటే వెనక సన్నగా మోత వస్తోంది. అడాప్టర్ బదులు మంచి లీనియర్ పవర్ సప్లై కొంటే పోతుందా?" గత నెలలో నా ఇంట్లోనూ ఇదే తేల్చుకోవలసి వచ్చింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నాది చిన్న కంప్యూటర్ బోర్డుతో చేసుకున్న ప్లేయరు. దాని నుంచి యూఎస్‌బీ తీగ డాక్‌కు (DAC, డిజిటల్ పాటను ఆంప్లిఫయర్ అందుకునే సంకేతంగా మార్చే పెట్టె), అక్కడి నుంచి ఆంప్లిఫయర్‌కు వెళుతుంది. పగలు ఏమీ తెలియదు. రాత్రి పదకొండు దాటి, వీధి సద్దుమణిగి, ఫ్యాను కూడా ఆపి కూర్చుంటే మోత బయటపడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కనుక ఆ మోత 50 దగ్గర, దానికి రెండు, మూడు రెట్లైన 100, 150 దగ్గర ఉంటుంది. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి తంబురాలో పంచమం తీగ పలికేది సుమారు 98 హెర్ట్జ్ దగ్గర. 98కి పక్కనే 100 మోగితే సెకనుకు రెండు అలలు లేచి పడుతున్నట్టు వినిపిస్తుంది. ఆ రికార్డులో తంబురా సరిగా కలపలేదేమోనని నేను చాలాకాలం అనుకున్నాను. తంబురా నిక్షేపంగా ఉంది, తేడా నా గదిలోనే ఉంది. సంగీతం మీద ప్రేమ ఉన్నవారు దీన్ని చిన్న విషయమని వదిలేయలేరు.

కొనే ముందు తెలుసుకోవలసింది ఒకటే: మోత ఏ దారిన వస్తోంది? నా దృష్టిలో మిగతా లెక్కలన్నీ దీని తరువాతే. ప్లేయర్ లోహపు పెట్టె మీద వేలి వెనక భాగంతో మెల్లగా రాస్తే చీమలు పాకినట్టు జివ్వుమంటుందా? రెండు పిన్నుల అడాప్టర్లలో మెయిన్స్ వైపుకీ 5 వోల్టుల వైపుకీ మధ్య ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా అతి స్వల్పమైన కరెంటు కారుతూ ఉంటుంది. అది యూఎస్‌బీ తీగలోని గ్రౌండ్ (నెగటివ్ వైరు) పట్టుకుని డాక్‌కు, అక్కడి నుంచి ఎర్త్ ఉన్న ఆంప్లిఫయర్‌కు చేరి దిగిపోతుంది. 5 వోల్టులు పాలలా స్వచ్ఛంగా ఉన్నా ఈ దారి తెరిచే ఉంటుంది. పరీక్ష తేలిక. పాట ఆపి, వాల్యూమ్ మామూలుగా వినే స్థాయిలో ఉంచి యూఎస్‌బీ తీగ పీకండి. మోత ఆగితే అది ఆ తీగ దారినే వస్తోంది. ఆగకపోతే, సెట్‌టాప్ బాక్సు కూడా అదే ఆంప్లిఫయర్‌కు కలిపి ఉన్నవారు కేబుల్ టీవీ వైరు తీసి చూడండి. చాలా ఇళ్లలో దోషి అదే.

ఇక లీనియర్ సప్లై. పెరంబూరులో ఉండే మిత్రుడు తనది వారం రోజులు ఇచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్, రెక్టిఫయర్, రెగ్యులేటర్ ఉండే పాత పద్ధతి అది. మామూలుగా వాడే చిన్న స్విచ్చింగ్ అడాప్టర్లు పుట్టించే ఎక్కువ ఫ్రీక్వెన్సీల గోల ఇందులో ఉండదు, కరెంటు కారడమూ తక్కువే. బోర్డు నెత్తినే డాక్ కార్డు బిగించుకుని దాని కరెంటుతోనే నడిపేవారికి దీని విలువ నిజంగా తెలుస్తుంది. నా ఏర్పాటులో మాత్రం మోత కాస్త పెరిగింది. ఆ పెట్టెకు మూడు పిన్నుల ప్లగ్గు ఉంది, లోపల దాని నెగటివ్ ఎర్త్‌కు కలిపి ఉంది. ఆంప్లిఫయర్‌కూ ఎర్త్ ఉంది. ఆ రెంటి మధ్య, యూఎస్‌బీ తీగ మీదుగా, మోత కరెంటు తిరిగే పూర్తి లూప్ ఏర్పడిపోయింది. పైగా వేడి ఒకటి. 9 వోల్టులను 5కు దించుతూ 2 ఆంపియర్లు ఇస్తే 8 వాట్లు రెగ్యులేటర్ దగ్గరే వేడిగా పోతాయి. మే నెల చెన్నైలో, మూసిన అలమరలో దాన్ని ఉంచడానికి నాకు మనసొప్పదు.

పవర్ బ్యాంక్ పెడితే మెయిన్స్‌తో సంబంధం తెగిపోతుంది, మోత చటుక్కున ఆగుతుంది. కానీ లోపలి సెల్ ఇచ్చేది 3.7 వోల్టులు. దాన్ని 5కు పెంచేది మళ్లీ ఒక స్విచ్చింగ్ సర్క్యూటే. కనుక బ్యాటరీ అంటే స్వచ్ఛమైన కరెంటు అన్న మాట పూర్తిగా నిజం కాదు. చార్జింగ్ పెడుతూ వింటే మోత తిరిగి వస్తుంది. కారణం కనిపెట్టడానికి ఇంతకన్నా చక్కని సాధనం లేదు, రోజూ వాడుకోవడానికి మాత్రం విసుగు.

నేను చివరకు ఆప్టికల్‌కు మారాను. తోషిబా 1983లో తెచ్చిన టోస్‌లింక్ పద్ధతి ఇది. ప్లాస్టిక్ పోగులో ఎర్రని వెలుగు మాత్రమే ప్రయాణిస్తుంది. లోహం లేదు కాబట్టి గ్రౌండ్ దారీ లేదు. ప్లేయర్‌కు ఎంత చవక అడాప్టర్ పెట్టినా దాని గోల తీగ దాటి ఆంప్లిఫయర్‌కు రాదు. లోపాలూ చెప్పాలి. రికార్డింగ్ సూక్ష్మత లెక్కల్లో 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ దాకా నిశ్చింత, 192 దగ్గర కొన్ని పరికరాలు తడబడతాయి. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న కంప్యూటర్ బోర్డులకు ఆప్టికల్ అవుట్ ఉండదు, అదనపు కార్డు కావాలి. నేను వినేవి ఎక్కువగా సీడీ నుంచి దించుకున్న 16 బిట్, 44.1 ఫైళ్లు. వాటికి ఈ పరిమితులు అడ్డే కావు. ఆ రాత్రి అదే రికార్డు పెట్టాను. పంచమం మీద అలలు లేవు. గాయకుడు ఊపిరి తీసుకునే చప్పుడు కూడా వినిపించింది.

యూఎస్‌బీ తీగ మధ్యలో పెట్టి గ్రౌండ్ దారిని తెంపే యూఎస్‌బీ ఐసొలేటర్ కూడా ఇదే పని చేస్తుంది కానీ చవకవి చాలావరకు సెకనుకు 12 మెగాబిట్ల వేగానికే పరిమితం. కొన్ని డాక్‌లు వాటితో పలకవు. తీగ మీద తొడిగే ఫెరైట్ పూసలు ఎక్కువ ఫ్రీక్వెన్సీల గోలకు పనికొస్తాయి, 50 హెర్ట్జ్ మోతకు కాదు.

మోత ఆగుతుందని ఆంప్లిఫయర్ ఎర్త్ పిన్ను తీసేసేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. లోపల ఏదైనా వైరు ఊడి పెట్టెకు తగిలితే 230 వోల్టులు మీ చేతికే వస్తాయి. అద్దె ఇంట్లో సాకెట్ ఎర్త్ నిజంగా పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి.

ఆప్టికల్ కేబుల్ చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో సులువుగా దొరుకుతుంది. కొత్త కేబుల్ కొసలకు చిన్న ప్లాస్టిక్ తొడుగులు ఉంటాయి, వాటిని తీసి బిగించండి. అలమర వెనక దాన్ని మడత పెట్టకుండా, పెద్ద వంపుతో తిప్పండి.