ఏఆర్ మెథనాలా, హెచ్‌పీఎల్‌సీ మెథనాలా: ఏది మేలు?

పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగాలకు సిద్ధమవుతున్న ఎం.ఎస్సీ. విద్యార్థులు ఏటా నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు: ఏఆర్ (అనలిటికల్ రీఏజెంట్, అంటే విశ్లేషణకు వాడే గ్రేడ్) మెథనాల్ ద్రావణి సీసా మీద శుద్ధత 99.8 శాతమని, హెచ్‌పీఎల్‌సీ (ద్రవాన్ని అధిక పీడనంతో కాలమ్ అనే గొట్టం గుండా పంపి మిశ్రమాన్ని విడదీసే పద్ధతి) గ్రేడ్ సీసా మీద 99.9 శాతమని ఉంటే, ఆ కాస్త తేడాకు అంత ఎక్కువ ధర ఎందుకు పెట్టాలి?

నా దృష్టిలో చూడవలసింది ఆ శాతాన్ని కాదు, మిగిలిన 0.1, 0.2 శాతంలో ఏముందన్నది. అది నీరైతే కాలమ్ నుంచి వచ్చేదాన్ని చూసే అతినీలలోహిత డిటెక్టర్‌కు కనిపించనే కనిపించదు; ఆరోమాటిక్ (బెంజీన్ వంటి వలయమున్న) మలినమైతే లేశమాత్రం ఉన్నా బేస్‌లైన్‌ను (పదార్థమేదీ రానప్పుడు గ్రాఫులో కనిపించే అడుగు గీతను) పైకి లేపుతుంది. ఏఆర్ సర్టిఫికెట్‌లో సాధారణంగా నీరు, ఆమ్లత్వం, ఆవిరయ్యాక మిగిలే శేషం వంటివే ఉంటాయి. హెచ్‌పీఎల్‌సీ సర్టిఫికెట్‌లో ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ద్రావణి ఎంత కాంతిని పీల్చుకుంటుందో కూడా ఉంటుంది. మనం డబ్బు పెట్టేది ఆ అంకెలకే.

నడుస్తుండగా నీరు, మెథనాల్ పాళ్లను మార్చుతూ పోయే గ్రేడియెంట్ పద్ధతిలో ఇది మరీ ముఖ్యం. మొదట్లో నీరు ఎక్కువగా ఉన్నంతసేపు మలినాలు కాలమ్ మొదట్లోనే పేరుకుపోయి, మెథనాల్ పాలు పెరిగే కొద్దీ ఒక్కొక్కటిగా పీకులై (గ్రాఫులో శిఖరాలై) బయటికి వస్తాయి. 0.05 శాతం మలినానికి కూడా లెక్క చెప్పవలసిన పరీక్షలో అలాంటి పీకు మందుదో ద్రావణిదో తేల్చడానికి రోజులు పడుతుంది కనుక, అక్కడ గ్రేడియెంట్ గ్రేడ్ (ఈ పద్ధతికి తగ్గ శుభ్రతగల హెచ్‌పీఎల్‌సీ మెథనాల్) తప్ప మరొకటి నేను ఒప్పుకోను. 210 నానోమీటర్ల దగ్గర చూడాలంటే మెథనాల్ కన్నా అసిటోనైట్రైల్ మేలు. ఏ తరంగదైర్ఘ్యానికి కింద ద్రావణే కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుందో ఆ హద్దు మెథనాల్‌కు సుమారు 205, అసిటోనైట్రైల్‌కు 190 నానోమీటర్లు.

మొబైల్ ఫేజ్ (కాలమ్ గుండా పారే ద్రావణి) పాళ్లు మారకుండా 254 నానోమీటర్ల దగ్గర చూసే పరీక్షకు, బ్లాంక్ (నమూనా లేకుండా నడిపిన పరీక్ష) శుభ్రంగా వస్తే, వడగట్టిన ఏఆర్ చాలు. టీఎల్‌సీకి (పలుచటి పూత ఉన్న పలక మీద మిశ్రమాన్ని విడదీసే పరీక్షకు), గాజుసామాను కడగడానికి ఎల్‌ఆర్ (మామూలు ప్రయోగశాల గ్రేడ్) సరిపోతుంది. హెచ్‌పీఎల్‌సీకి మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువుల ద్రవ్యరాశిని కొలిచే పరికరం) జోడించి ఉంటే సోడియం తక్కువగా ఉండే ఎల్‌సీ-ఎంఎస్ గ్రేడ్ కొనాలి.

అయితే ఖరీదైనదే అన్నిటికీ మంచిదనుకోకూడదు. హెచ్‌పీఎల్‌సీ గ్రేడ్ టెట్రాహైడ్రోఫ్యూరాన్ అనే మరో ద్రావణిలో సాధారణంగా బీహెచ్‌టీ (పెరాక్సైడ్లు చేరకుండా కలిపే పదార్థం) ఉండదు. మూత తీశాక పెరాక్సైడ్లు త్వరగా చేరి ప్రమాదకరమవుతాయి కనుక చిన్న సీసాలే కొనాలి. నీరు తగిలితే చెడిపోయే గ్రిగ్నార్డ్ చర్యకైతే కావలసింది నీరు తీసేసిన గ్రేడ్. మన విశాఖ సముద్రపు గాలిలో దాని మూత క్షణం ఎక్కువసేపు తెరిచి ఉంచినా తేమ పట్టేస్తుంది.