మూడు కుండల కంపోస్టర్ – 8 నెలలు వాడాక నా మాట

మేం ఉండేది బెంగళూరు బూదిగెరె క్రాస్ దగ్గర, రెండో అంతస్తు, ఇంట్లో నలుగురం. వంటింటి చెత్తని ఎరువుగా మార్చే, బాల్కనీలో పెట్టుకునే మట్టి కంపోస్టర్ కొని 8 నెలలైంది, మా తెలుగు వాళ్ళ గ్రూపులో చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా.

ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. మండూరు మాకు దగ్గరే. 2014 దాకా సిటీ చెత్త లారీలు లారీలుగా అక్కడికి పోయేది, ఊరివాళ్ళు అడ్డం తిరిగి గొడవ చేస్తే గానీ ఆగలేదు. అంతకు ముందు 2012లో మావళ్ళిపురలోనూ అదే కథ, మండూరు తర్వాత మిట్టగానహళ్ళి వైపు పాత క్వారీ గుంతలు. కేంద్రం 2016లో పెట్టిన చెత్త రూల్స్‌లో చూస్తే ల్యాండ్‌ఫిల్ (చెత్త పూడ్చే చోటు) పెట్టాలంటే నదికి 100 మీటర్లు, చెరువుకి, ఇళ్ళకి, తాగునీటి బావులకి 200 మీటర్లు, ఎయిర్‌పోర్టుకి 20 కిలోమీటర్ల దూరం ఉండాలి, అడుగున బంకమట్టి పరిచి దాని మీద ప్లాస్టిక్ షీటు వెయ్యాలి అని ఉండేది. ఇక్కడ ఎటు పోయినా ఒక చెరువో ఒక ఊరో తగులుతుంది, అలాంటి జాగా ఎక్కడ మిగిలింది చెప్పండి. పైగా కుప్పలో కంపు కొట్టేది, నల్లనీళ్ళు కారి బోర్లలోకి దిగేది, మీథేన్ అనే మండే గ్యాస్ పుట్టి అంటుకునేది, అన్నిటికీ మూలం మన వంటింటి తడి చెత్తే, గాలి తగలకుండా లోపల కుళ్ళిపోవడం వల్ల. అది మన ఇల్లు దాటకపోతే సగం సమస్య అక్కడే పోతుంది.

ఇంక కుండల సంగతి. ఒకదాని మీద ఒకటి మూడు, పక్కల్లో గాలికి చిల్లులు. పై కుండలో రోజూ తొక్కలు, టీ పొడి, కూరగాయ ముక్కలు వేసి పైన గుప్పెడు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) చల్లాలి, అది నిండితే మధ్యకి దించి ఖాళీది పైకి, బాగా మాగినాక కింద కుండలోకి. మాకు ఒక కుండ నిండడానికి 30 రోజులు పడుతోంది. ఎరువు చేతికి రావడానికి మొదటిసారి మూడు నెలలు పట్టింది, ఓపిక కావాలి.

మొదటి నెల మాత్రం ఏడిపించింది. తెల్లపురుగులు కుప్పలు కుప్పలు, మా ఆయన పారేద్దామన్నారు. అప్పుడే మదనపల్లె నుంచి మా అత్తమ్మ వచ్చింది, మూత తీసి చూసి "ఇది మా ఊరి పెంటదిబ్బే కదమ్మా, కుండలో పెట్టినారు అంతే, తేమ ఎక్కువైంది, ఎండాకు దండిగా వెయ్యి" అనింది. వేశాను, వారానికల్లా పురుగులు తగ్గినాయి, వాసన కూడా పోయింది. ఊర్లో ఎవరి దిబ్బ వాళ్ళింటి దగ్గరే ఉండేది, వానలకి ముందు బండ్లకెత్తి చేలోకి తోలేవాళ్ళు, పక్క ఊరి మీద ఎవరూ పొయ్యలేదు. ఆ మాట నాకు బాగా పట్టుకుంది.

నచ్చనివి కూడా చెప్తా. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఒక కుండ అంచు పగిలి వచ్చింది, మార్చడానికి 9 రోజులు తిప్పారు, షాపులో చూసి కొనుక్కోండి. బరువెక్కువ, మధ్య కుండ దించాలంటే ఇద్దరు కావాలి. మాంసం ఎముకలు, పెరుగన్నం లాంటివి నేను వెయ్యట్లేదు, కంపు లేస్తుంది.

ఇప్పుడు చెత్త ఆటోకి మేమిచ్చేది ఎర్ర డబ్బా (ప్యాడ్లు, డైపర్ల లాంటివి), పొడి చెత్త సంచి, అంతే. తడి చెత్త వేసే పచ్చ డబ్బా దాదాపు ఖాళీ. కరివేపాకు చెట్టుకి రెండుసార్లు ఈ ఎరువు వేశా, చిగుర్లు చూస్తే కడుపు నిండినట్టుంది.

5కి 4 ఇస్తా. ఐదారుగురు ఉండే ఇంటికి ఒక సెట్ చాలదు, రెండు తీసుకోండి. కొనేవాళ్ళు వానలు మొదలవ్వక ముందే రెండు గోతాల ఎండాకులు పోగేసి పెట్టుకోండి, జూన్ వస్తే పొడి ఆకు ఎక్కడా దొరకదు.